అత్త ఎక్కని మెట్లు

అత్త పోయిందని నాయన ఫోన్ చేసినప్పుడు నేను తొమ్మిదో తరగతి గదిలో హాజరు తీసుకుంటున్నాను. బడి వేళల్లో ఆయన ఎప్పుడూ ఫోన్ చేయడు. వరండాలోకి వచ్చి ఎత్తితే, "మీయత్త పోయింది పాపా. పొద్దున కాఫీ తీసుకోనిపోయి పిలిస్తే పలకలేదు" అన్నాడు. గదిలోకి తిరిగి వెళ్లి మిగిలిన పేర్లు కూడా పిలిచాను. ఎందుకు పిలిచానో నాకే తెలియదు.

అత్త అంటే నాయనకు చెల్లెలు. బత్తలపల్లె దగ్గరి మా ఊళ్లో, మా ఇంటిని ఆనుకొని ఉన్న రెండు గదుల్లో ఉండేది. పిల్లలు లేరు. పోయేనాటికి అరవై నిండలేదు. మీలో ఎవరికీ ఆమె తెలిసి ఉండదు. ఆమె గురించి నేను చాలామందికి, చాలా ఏళ్లుగా చెబుతూ వచ్చాను. అయితే సగమే చెప్పాను. ఆ మిగిలిన సగం కోసమే ఇప్పుడు రాస్తున్నాను.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, చెనిక్కాయలు రాల్చుకున్నాక ఎండిన వేరుశనగ కట్టెను ఎద్దులబండి మీద ఇంటికి తోలుతున్నారు. అత్త బండి మీద నిలబడి, కింద నుంచి మామ అందించే మోపులను సర్దుతోంది. ఎద్దులు ఉన్నట్టుండి రెండడుగులు ముందుకు కదిలాయి. అత్త వెల్లకిలా గట్టు రాళ్ల మీద పడింది. నడుము దగ్గర వెన్నుపూస విరిగిందన్నారు. కొన్ని నెలలు ఆసుపత్రిలో ఉంచి, మంచం మీదే ఇంటికి తెచ్చారు.

బడి నుంచి రాగానే నన్ను పిలిచి కాళ్ల దగ్గర కూర్చోబెట్టుకునేది. "నా బొటనేలు కదిలిందేమో సూడుమే" అనేది. నేను చాలాసార్లు కదలకపోయినా కదిలిందని చెప్పాను. ఒకరోజు నిజంగానే కదిలింది. ఆ తర్వాత ఏడాదికి లేచి నిలబడింది. ఒక చేత్తో గోడ, ఒక చేత్తో నా భుజం పట్టుకొని వీధి చివరి దాకా నడిచేది. నా భుజం మీద ఆమె వేళ్లు గుచ్చుకుని నొప్పి పెట్టేవి. అయినా నేను భుజం కదిల్చేదాన్ని కాదు. అత్తను నడిపించింది నేనే అని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం పెద్దయ్యాక కూడా నన్ను వదలలేదు. జరిగినదానికంతా మూలం అదే అనుకుంటాను.

కాళ్లకు పని చెబుతూ ఉండమని డాక్టరు చెబితే, మామ ధర్మవరం నుంచి కాలితో తొక్కే కుట్టుమిషను తెచ్చాడు. వ్యాయామం కోసమని మొదలుపెట్టి, రెండేళ్లలో ఊరికంతా జాకెట్లు కుట్టే మనిషైంది. చేతికర్రను గోడకు ఆనించి, దారం పళ్లతో తెంపుతూ, వచ్చిన ఆడవాళ్లతో మాట్లాడుతూ కుట్టేది. కొలతలు ఎప్పుడూ రాసుకోలేదు. మనిషిని ఒకసారి చూస్తే చాలు. నడక ఎట్లుందని అడిగినవాళ్లకు, "కాలు నాదే, మాట వినేదీ విననిదీ దానిష్టం" అనేది. నేను అడిగితే మాత్రం, "నడిచేదానికి మనసుండల్లమే, కాళ్లదేముండాది" అనేది. ఆ మాట నన్ను సంతోషపెట్టడానికే అని అప్పుడు తెలియలేదు.

నేను టీచరునయ్యాక ప్రతి ఏడాదీ పిల్లలకు అత్త కథ చెప్పేదాన్ని. మంచానికి అతుక్కుపోయిన మనిషి మనసు గట్టిగా చేసుకొని లేచి నడిచిందని చెప్పి, ఆమె మాటను బోర్డు మీద రాసేదాన్ని. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. సెలవులకు ఊరికి పోయినప్పుడు ఆ సంగతి అత్తకు చెబితే, నవ్వి ఊరుకునేది.

పదేళ్ల కిందట మామ పోయాడు. ఆ తర్వాత ఏడాదో రెండేళ్లో, అత్త కుట్టిన నా జాకెట్టులో కుట్లు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా పడ్డాయి. చంక దగ్గర కుట్టు వంకరపోయింది. చూపు తగ్గిందేమో అద్దాలు మార్చుకొమ్మన్నాను. సరేనంది. నిజానికి పాదం ఆమె చెప్పినట్టు మిషను తొక్కడం లేదు. మధ్యమధ్యలో ఆగిపోతోంది. అత్త చెప్పలేదు. నేనూ ఇంకేమీ అడగకుండా అనంతపురంలో వేరే దర్జీ దగ్గర కుట్టించుకోవడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకు ఆమె చేత్తో తిప్పే మిషను పెట్టుకుంది. అది సులువుగా ఉందని చెబితే నమ్మాను.

గడప దాటేటప్పుడు రెండుసార్లు పడ్డాక డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది నేనే. ఆయన పాత ఎక్స్‌రే ఫొటోలూ కొత్తవీ పక్కపక్కన పెట్టి ఓపికగా చెప్పాడు. దెబ్బ తగిలిన చోట మిగిలిన కొద్దిపాటి బలంతోనే ఇన్నేళ్లు నెట్టుకొచ్చిందనీ, వయసుతోపాటు అదీ తగ్గుతోందనీ, ఇంక బలవంతంగా నడిపించొద్దనీ, చక్రాల కుర్చీ వాడుకుంటే చేతులకైనా బలం మిగులుతుందనీ అన్నాడు. అత్త తల ఊపుతూ విన్నది. బయటికి వచ్చాక నేను, డాక్టర్లు అట్లాగే అంటారనీ, మొదట్లో నువ్వు నడవనేలేవని కూడా అన్నారు గదా అనీ చెప్పాను. అత్త నా ముఖం వైపు చూసింది.

తర్వాతి వేసవిలో ఊరికి పోయేసరికి, మండలాఫీసులో ఇచ్చిన చక్రాల కుర్చీలో కూర్చుని వీధిలో ఉంది. ఇద్దరు ఆడవాళ్లతో ఏదో చెబుతూ పడీపడీ నవ్వుతోంది. నన్ను చూడగానే నవ్వు ఆపేసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆ రోజు నేను కోపంగా మాట్లాడాను. కుర్చీ ఎక్కినదానివి మళ్లీ దిగవనీ, ఇన్నేళ్ల కష్టం మట్టిపాలు చేయొద్దనీ అన్నాను. మా అమ్మ అడ్డం రాబోయింది. అమ్మను కూడా కసిరాను. అత్త, "నీ ఇష్టంమే. తీసుకోనిపో" అంది. వీధి చివర పక్షవాతం వచ్చిన ముసలాయన ఉంటే, ఆ కుర్చీ ఆయనింటికి పంపించేశాను. అనంతపురం నుంచి పట్టుకొని నడిచే వాకర్ తెచ్చిపెట్టాను. మంచిపని చేశాననుకొని తృప్తిగా బస్సెక్కాను.

ఆ మర్నాటి నుంచి అత్త వీధిలోకి రావడం మానేసిందని అమ్మ ఈమధ్యే చెప్పింది. నేను వస్తున్నానని తెలిసిన రోజున మాత్రం ఉదయం నుంచీ ఏ పనీ చేయకుండా పడుకొని, ఉన్న శక్తినంతా దాచుకునేదట. నేను గడపలోకి వచ్చే వేళకు వాకర్ పట్టుకొని నిలబడి ఉండేది. నేను పోయాక రెండు రోజులు లేచేది కాదట. "చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్యాది, నేనేం చేసేది" అంది అమ్మ.

నిరుడు మేము అనంతపురంలో ఇల్లు కొన్నాం. మొదటి అంతస్తు. లిఫ్టు లేదు. గృహప్రవేశానికి అమ్మానాయనా ముందురోజే వచ్చారు. అత్త మర్నాడు ఆటోలో వస్తానంది. ఆమె కోసం ముందు వరసలో కుర్చీ కూడా వేయించాను. రాలేదు. సాయంత్రం ఫోన్ చేస్తే కడుపునొప్పి వచ్చిందని చెప్పింది. గొంతు వింటే నొప్పి ఉన్నట్టు లేదు. నాకు ఒళ్లు మండింది.

"మనసుంటే వచ్చేదానివిలే అత్తా" అన్నాను.

"అవునుమే" అంది.

ఆ తర్వాత పది నెలలు నేను ఆమెతో మాట్లాడలేదు. ఊరికి రెండుసార్లు పోయి కూడా, పనుందని పక్కింటి గడప తొక్కకుండానే వచ్చేశాను. గోడ అవతల చేతిమిషను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. రెండోసారి పోయినప్పుడు ఆ చప్పుడు కూడా లేదు.

పడకపుండ్లు పడి, జ్వరం తగ్గడం లేదని తెలిశాక పోయాను. అత్త సన్నగా అయిపోయింది. కాళ్లు దుప్పటి కింద ఉన్నట్టే లేవు. తప్పు నాదని అనడానికి నోరు రాలేదు. అప్పటికి నా తప్పు ఎంతో కూడా నాకు పూర్తిగా తెలియదు. ఆమే ముందు మాట్లాడింది. పిల్లల చదువులు అడిగింది. ఇంటి గురించి అడిగింది. "మీ మెట్లకు కమ్మీ ఎడమపక్కే ఉండాది గదా. కుడిపక్క గూడా ఒగటి పెట్టించుమే. ముసలోళ్లు వస్తాంటారు" అంది. నాయన చెప్పి ఉంటాడనుకొని సరేనన్నాను. అదే చివరిసారి.

అంత్యక్రియలయ్యాక మూడోరోజున, పక్క ఊళ్లో ఆటో నడిపే మస్తానన్న వచ్చాడు. అత్తను ఎక్కడికి తీసుకుపోవాలన్నా ఆయన ఆటోనే. వాళ్ల ఆడపిల్లల బట్టలన్నీ అత్తే కుట్టేదట. నాతో పనుందని చెప్పి, వేపచెట్టు దగ్గరికి పిలిచాడు. ఎక్కడో చూసిన ముఖంలా ఉందన్నాను.

"మీ ఇంట్లో బువ్వ తింటి గదమ్మా" అన్నాడు. "గృహప్రవేశం నాడు. నువ్వే ఓళిగ మీద నెయ్యి పోస్తివి."

చెప్పొద్దని అత్త తన దగ్గర మాట తీసుకుందనీ, ఆమే పోయాక ఆ మాట మోయలేక వచ్చాననీ అన్నాడు. తర్వాత నిదానంగా అంతా చెప్పాడు.

అత్త ఆ రోజు వచ్చింది. పొద్దున్నే తలకు పోసుకొని, పట్టుచీర కట్టుకొని, నాకోసం కుట్టిన జాకెట్టు సంచిలో పెట్టుకొని వచ్చింది. మస్తానన్న ఆమెను మొదటి మెట్టు దగ్గర దించాడు. అత్తకు కుడిచెయ్యే బలం. కమ్మీ ఎడమవైపు ఉంది. రెండు మెట్లు ఎక్కింది. మోకాళ్లు వణికి అక్కడే కూలబడింది. ఎత్తుకొని పోతానని ఆయన అన్నాడు. పైకి పోయి మనుషులను పిలుచుకొస్తానన్నాడు. అత్త ఒప్పుకోలేదు.

"మా కోడలు సూస్తే తట్టుకోలేదప్పా. నేను నడుస్తానని దానికి శానా ఆశ" అందట.

మళ్లీ ఆటోలో కూర్చోబెట్టాక, ఆయన్ని పైకి పోయి తినిరమ్మంది. అమ్మానాయనల కంట పడొద్దని, ఎవరైనా అడిగితే అల్లుడి తరఫని చెప్పమంది. అమ్మా నాయనా లోపల పూజ దగ్గర ఉన్నారు. మిద్దె మీద షామియానా కింద వడ్డించింది నేనే. ఎవరి తాలూకని అడిగి, నవ్వుతూ ఇంకో ఓళిగ వేశాను.

ఆయన దిగి వచ్చాక అత్త అన్నీ అడిగిందట. గదులెన్ని, కిటికీలు ఎటువైపు, వంటింట్లోకి వెలుతురు పడుతుందా, జనం బాగా వచ్చారా. కోడలు ఏం చీర కట్టుకుందని అడిగితే ఆకుపచ్చదని చెప్పాడు. తొడుక్కున్న జాకెట్టు భుజాల దగ్గర ముడతలు పడలేదు కదా అని అడిగిందట. అవన్నీ నేనెట్లా చూస్తానక్కా అంటే గట్టిగా నవ్విందట. అంతలో మిద్దె మీద నుంచి నా నవ్వు వినబడింది.

"మా కోడలే" అందట ఆయనతో. తర్వాత, "ఇంగ పోదాం పా" అంది.

ఆటో తిప్పుతున్నప్పుడు అత్త ఒక చేత్తో పక్కనున్న కడ్డీని పట్టుకొని, తల బయటికి పెట్టి పైకి చూస్తూ ఉందట. పడిపోతావక్కా, లోపలికి జరుగు అని ఆయన అంటే వినలేదు. ఆయన బండిని సందు చివరి దాకా నడిచేవాళ్లకంటే నెమ్మదిగా పోనిచ్చాడు. ఎండ సూటిగా ముఖం మీద పడుతుంటే, కొంగు చివర కళ్లకు అడ్డం పెట్టుకొని, మిద్దె మీది షామియానా గుడ్డ గాలికి లేచి పడుతుండడం కనబడినంత దూరం అత్త అటే చూసిందట.