ఐమూల తాడు

మొన్న మంగళవారం పొద్దున్న మా మేస్త్రీ పోయారు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి మూడు కాగితాలు పాడుచేశాను. నా దస్తూరీ బాగుండదు, తప్పులు కూడా ఉంటాయి. చదివేవాళ్లు మన్నించాలి.

కబురు తెచ్చినవాడికి సరే అన్నాను. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించాను. కంచరపాలెంలో రైలు పట్టాల అవతల ఆయన ఇల్లు. నడిచి వెళ్లాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ఆయన వడ్రంగి మేస్త్రీ. గుమ్మాలు, కిటికీలు చేసేవారు. నేను ఆయన దగ్గర ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. చెక్క మీద చెయ్యి పెట్టేముందు చెప్పులు విడిచేవారు. తక్కువ మాట్లాడేవారు. నేనూ అంతే కాబట్టి మాకు కుదిరింది.

చేరిన కొత్తలో గోపాలపట్నంలో ఒక ఇంటికి గుమ్మం నిలబెట్టాను. నిలువులు రెండూ కొలిచాను, అడ్డాలు రెండూ కొలిచాను. సరిపోయాయి. మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా తాడు లాగి చూడటం మాత్రం మరిచిపోయాను. గోడ కట్టేశాక తలుపు పట్టలేదు. గుమ్మం ఒక పక్కకి వాలి ఉంది.

ఇంటాయన కేకలేశాడు. "ఎవడయ్యా ఇది పెట్టింది?"

నేను నోరు తెరిచేలోపు మేస్త్రీ అన్నారు. "నానేనండి. సూసుకోలేదు."

తెరిచిన నోరు మూసేశాను. ఆయన తలుపుని కూడా ఆ వాలుకే అంచు చెక్కి, చివ్వి బిగించారు. ఆ ఇంటాయన మళ్లీ ఆయన్ని పనికి పిలవలేదు. పిలవొద్దని పదిమందికి చెప్పాడు కూడా.

ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడి ఉంటే, మేస్త్రీ సిమెంటు బస్తా కాగితం చింపి, వంకరటింకరగా నాలుగు పక్కల ముక్క ఒకటి చేశారు. దాని నాలుగు మూలలూ చింపి, మొనలన్నీ ఒకచోట చేర్చి బస్టాపు బల్ల మీద పెట్టారు. మధ్యలో సందు లేదు. చుట్టూ నిండిపోయింది.

"ఏ నాలుగు పక్కలదైనా ఇంతేరా. ఓ మూల ముడుసుకుంటే ఇంకోటి తెరుసుకోవాల. పక్కలు సూసి నమ్మకు, తాడు లాగి సూడు."

అంతే. గుమ్మం సంగతి మళ్లీ ఎత్తలేదు. తన తాడులో సగం కోసి నాకిచ్చారు. లంబకోణం, అల్పకోణం, అధిక కోణం అని ఆ మూలలకి పేర్లున్నాయని చాలా ఏళ్లకి మా మనవరాలి పుస్తకంలో చూశాను. నేను చదివింది మా ఊళ్లో ఐదో తరగతి. మేస్త్రీ వాటిని సరి మూల, ముడుచుకున్న మూల, తెరుచుకున్న మూల అనేవారు.

తప్పు నాదని ఆ ఇంటికెళ్లి చెప్పాలని ప్రతి ఏడూ అనుకునేవాణ్ణి. సిగ్గు. ఆయన బతికుండగా వెళ్లలేదు.

మంగళవారం వాకిట్లో పాడె కడుతున్నారు. నా చెయ్యి జేబులోకి పోయింది. తాడు తీసి ఐమూలగా లాగాను. అటు కన్నా ఇటు నాలుగు వేళ్లు ఎక్కువుంది.

మాతో పనిచేసిన పెయింటరు నవ్వాడు. "ఏటి బావా, పాడెక్కూడా మూలలు సూత్తన్నావా? దీనికేటి తలుపు బిగిత్తావా?"

అరుగు మీంచి ఆయన భార్య అంది. "సూడనీ బాబూ. వంకరుంటే ఆయనకి పడదు."

కాలితో వెదురుని కొంచెం నెట్టాను. ముడుచుకున్న మూల తెరుచుకుంది. మళ్లీ లాగాను. రెండు వైపులా ఒక్కటే వచ్చింది. ముడి బిగించి, పక్కకి తప్పుకున్నాను.

గోపాలపట్నం మార్కెట్ వెనక, మేడ కింద వాటా, వెనక గది. ఇప్పుడు అక్కడ ఎవరుంటున్నారో తెలీదు. పైమూల దగ్గర తలుపు ఏటవాలుగా చివ్వి ఉంటుంది. అది మీ ఇల్లయితే తొందరగా ఒక ముక్క రాయండి. ఆ గుమ్మం పెట్టింది నేను, ఆయన కాదు. తలుపు పడుతోందో లేదో చెప్పండి. వచ్చి సరిచేస్తాను. తాడు ఇంకా జేబులోనే ఉంది.