నేలకు మొక్కే అక్క

థియేటర్ ఆర్ట్స్ ఎం.ఏ.లో నాకు సీనియర్ ఆమె. ఊరి పేరుతో ఇల్లందు అక్క అనేటోళ్లం. స్టేజీ ఎక్కేముందు నేలను తాకి కళ్లకద్దుకునేది. రానురాను ఏ గదిలోకి పోయినా అదే అలవాటైంది.

చదువైనంక ఖమ్మంలో ఓ ప్రైవేటు స్కూల్లో ఇంటర్వ్యూకు నేనే బండి మీద తీస్కపోయిన. గడప దగ్గర వంగి మొక్కింది.

"ఏం పడిపోయిందమ్మా?" అన్నడు లోపలున్న కరస్పాండెంట్.

"ఏం లేదు సార్."

నాటకాలకు మా దగ్గర పీరియడ్ లేదని పంపించేసిండు. బయటికొచ్చి అక్క నా చెయ్యి గట్టిగ పట్టుకుంది.

"తమ్మీ, ఇది గూడ పాయె. ఇంటికి ఏ మొకం పెట్టుకొని పోవాలె?"

నేను బండి స్టార్ట్ చేసిన.

మొన్న ఓ బట్టల దుకాణంలో సేల్స్‌గర్ల్‌గా కనపడ్డది. చీరలు పరిచే గద్దె ఎక్కబోతూ వంగింది. అంతలో నన్ను చూసింది. కిందపడ్డ చీర తీస్తున్నట్టు చేసింది.

కింద ఏం పడలేదు.