ముప్పై ఆటలే గెలుస్తారని రాసిచ్చాను

మొన్న మంగళవారం పొద్దున షికాగో శివారు నేపర్‌విల్‌లో రైలెక్కి కూర్చుంటే, పక్క సీట్లో మన తెలుగువాళ్ళ అబ్బాయి ఒకడు కనిపించాడు. పాతికేళ్ళుంటాయేమో, మెడలో ఆఫీస్ బ్యాడ్జ్, నెత్తిన మా బేస్‌బాల్ జట్టు టోపీ. ఇక నా నోరు ఊరుకుంటుందా? ఇంకో మూడు వారాల్లో కొత్త సీజన్ మొదలవుతోంది కదా, ఈ ఏడు మనవాళ్ళ సంగతి ఏమంటావు బాబూ అని అడిగాను. అతను మర్యాదగా చెవిలోంచి ఒక ఇయర్‌బడ్ తీసి, ఫోన్ నా వైపు తిప్పి చూపించాడు. జట్టుకి అవకాశం ఎంత శాతం ఉందో అందులో దశాంశాలతో సహా వేసి ఉంది. అది కాదయ్యా, నువ్వేమనుకుంటున్నావు అన్నాను. “అదే ఆంటీ, ఇందులో ఉంది కదా, డైలీ అప్‌డేట్ చేస్తారు,” అని మళ్ళీ ఇయర్‌బడ్ పెట్టేసుకున్నాడు. పాపం, అతని తప్పేమీ లేదు. కానీ ఆ ముప్పావుగంటా కిటికీలోంచి చూస్తూ కూర్చున్న నాకు, ఇరవై ఏళ్ళ పైచిలుకు కిందట ఇదే రైల్లో గడిచిన రోజులన్నీ వరసపెట్టి గుర్తొచ్చాయి.

అప్పట్లో నేను హెచ్‌వన్ మీద వచ్చి, షికాగో డౌన్‌టౌన్‌లో ఆసుపత్రి రికార్డుల సాఫ్ట్‌వేర్ రాసే ఒక చిన్న కంపెనీలో పని చేసేదాన్ని. ఉద్యోగం నాది, వీసా నాది. మా ఆయన నా మీద డిపెండెంట్‌గా వచ్చి, పని చేసే వీలు లేక, ఇంట్లో పప్పుచారు దగ్గర్నుంచి బట్టల ఇస్త్రీ దాకా నేర్చుకుని, మిగిలిన టైమంతా క్రికెట్ స్కోర్లు వెతుక్కుంటూ గడిపేవారు. నా వీసా ఉంటేనే మా కాపురం ఇక్కడ, లేకపోతే పెట్టెలు సర్దుకోవడమే. ఆ సంగతి మేమిద్దరం బయటికి అనుకునేవాళ్ళం కాదుగానీ, అన్నం తింటున్నా నిద్రపోతున్నా అదే మనసులో ఉండేది.

రైల్లో మూడో పెట్టె ఎక్కడం నాకు అలవాటు, షికాగోలో దాని తలుపు సరిగ్గా మెట్ల ముందు తెరుచుకునేది కాబట్టి. ఆ రైళ్ళలో సీటు వీపు పలకను వెనక్కి తిప్పితే ఎదురెదురుగా నలుగురు కూర్చోవచ్చు. అలా తిప్పుకుని రోజూ ముగ్గురు కూర్చునేవాళ్ళు. కోర్టు ఆఫీసులో ఎన్నో ఏళ్ళుగా గుమాస్తా చేస్తున్న ఒక పెద్దాయన, ఊలు అల్లుతూనే మాట్లాడే ఒక టీచరమ్మ, కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనంత పొడుగున్న ఒక లాయరు. నాలుగో సీటు ఖాళీగా ఉండేది. మొదట్లో మొహమాటపడి నిలబడేదాన్ని, ఒకరోజు మంచులో జారి మడమ నొప్పి చేసి కూర్చున్నాను, ఇక అది నా సీటైపోయింది.

వాళ్ళు మాట్లాడుకునేది ఒక్కటే, బేస్‌బాల్. షికాగోకి జట్లు రెండున్నాయి, వీళ్ళది ఏదో చెబితే చదివే వాళ్ళలో సగం మందికి కోపం వస్తుంది కనుక చెప్పను. నాకు వింతగా తోచిందేమిటంటే, అప్పటికి ఆట మొదలే కాలేదు. బయట మోకాలి లోతు మంచు, ఫిబ్రవరి నెల, ఆటగాళ్ళేమో ఎక్కడో అరిజోనా ఎండలో ఒళ్ళు వంచుకుంటున్నారు, వీళ్ళు మాత్రం ఏప్రిల్‌లో ఎవరు ముందు బ్యాటింగ్ చేయాలి, పోయినేడాది మోచేతికి ఆపరేషన్ అయిన, బంతి విసిరే పిచ్చర్ ఈ ఏడు నిలబడతాడా, మూడో బేస్ దగ్గర ఆడే ఆ ముసలి ఆటగాణ్ణి ఇంకా ఎందుకు మేపుతున్నారు అని ఇంటి పెళ్ళి మాట్లాడుకున్నంత శ్రద్ధగా మాట్లాడుకునేవాళ్ళు. ఎవరికీ తెలియని దాని గురించి ఇంత ధీమాగా ఎలా మాట్లాడతారా అని చెవులు రిక్కించి వినేదాన్ని. వినగా వినగా నాకూ ఆ మోచెయ్యి మీద బెంగ పట్టుకుంది. ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే, రోకలిబండలా గుండ్రంగా ఉన్నదాన్ని బ్యాట్ అంటే నేనొప్పుకోను, పైగా వికెట్లే లేని ఆట, నీకెందుకొచ్చిన గొడవ అని కొట్టిపారేసేవారు. అయినా రెండో వారానికల్లా, ఇంతకీ ఆ మోచెయ్యి ఎలా ఉందోయ్ అని ఆయనే అడగడం మొదలుపెట్టారు.

సీజన్ మొదలయ్యే ముందు శుక్రవారం వాళ్ళకొక ఆనవాయితీ ఉండేది. మొత్తం నూట అరవై రెండు ఆటల్లో జట్టు ఎన్ని గెలుస్తుందో తలా ఒక చీటీ మీద రాసివ్వాలి. పెద్దాయన వాటిని పైకి చదివి ఒక నల్ల అట్ట నోటుబుక్కులో ఎక్కిస్తాడు. సెప్టెంబరు చివర, అసలు లెక్కకి దగ్గరగా రాసినవాళ్ళకి చలికాలమంతా కిటికీ పక్క సీటు. ఆ ఏడు నాకూ చీటీ ఇచ్చారు. ఇంతవరకూ కొత్తవాళ్ళెవరికీ ఇవ్వలేదట, టీచరమ్మ నా చెవిలో చెప్పింది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి. మా అమ్మ సంగతి మీ అమ్మలందరి సంగతే. ఎవరైనా వచ్చి మీ బుజ్జిది బొద్దుగా ఉందండీ అంటే చాలు, ఎక్కడండీ, వారం రోజుల నుంచి ముద్ద ముట్టడం లేదు అనేసేది. నేను పరీక్షలు బాగా రాసి ఇంటికొస్తే, ఏమో పాసైతే చాలు అని వీధంతా చెప్పేది. కోరుకునేది నోటితో అంటే దిష్టి తగులుతుందని మాకు పాలతో పాటు పట్టారు. సరిగ్గా ఆ నెలలోనే మా కంపెనీ నా వీసా ఎక్స్‌టెన్షన్‌కి ఫైల్ చేసింది. ఎవరడిగినా, వచ్చేలా లేదండీ, ఇక వెళ్ళిపోవడమే అని చెప్పేదాన్ని, లోపల మాత్రం కనపడ్డ దేవుడికల్లా మొక్కుకునేదాన్ని. సరే, చీటీ చేతికొచ్చింది. మా జట్టు మీద నాకప్పటికే ప్రాణం. ఎక్కువ రాస్తే నా నోటి దిష్టి తగిలి ఆ మోచెయ్యి మళ్ళీ ఎక్కడ విరుగుతుందో అని భయమేసి, బాగా ఆలోచించి, దేవుణ్ణి తలుచుకుని, ముప్పై అని రాసిచ్చాను.

పెద్దాయన చదవడం మొదలుపెట్టాడు. లాయరుది తొంభై రెండు, టీచరమ్మది ఎనభై ఎనిమిది, ఆయనది తొంభై. తర్వాత నాది తీసి, కళ్ళజోడు సర్దుకుని, ముప్పై అన్నాడు. లాయరు పెద్దగా నవ్వాడు, నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. టీచరమ్మ అల్లిక ఆపి నా మొహంలోకి చూసింది. అంత ఘోరంగా ఆడిన జట్టు వాళ్ళెరిగి లేదని తర్వాత తెలిసింది. పెద్దాయన ముప్పై అని పుస్తకంలో రాసుకుని మూసేశాడు. సోమవారం పొద్దున నేనెక్కితే మాటలు తగ్గిపోయాయి. మంగళవారం నాలుగో సీట్లో లాయరు కోటు ఉంది, నన్ను చూసి తీశాడనుకోండి, కానీ అది అక్కడ ఉండటమే నాకు గుచ్చుకుంది. పరాయి దేశంలో రోజుకి ముప్పావుగంట నన్ను తమ మనిషిలా చూసినవాళ్ళు వాళ్ళే. నా నోటితో నేనే చెడగొట్టుకున్నానని ఆ రాత్రి మా ఆయన దగ్గర ఏడ్చాను. వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పెయ్యి, పోయేదేముంది అన్నారాయన.

బుధవారం చెప్పాను. నా ఇంగ్లీషులో దిష్టి గురించి చెప్పడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పక్కర్లేదు. మా అమ్మ, బొద్దుగా ఉన్న పిల్ల, పాసైతే చాలన్న పరీక్షలు, అన్నీ చెప్పి, అయినా అర్థం కాలేదేమోనని చివరికి నా ఎక్స్‌టెన్షన్ సంగతి కూడా చెప్పేశాను. నాకిక్కడ ఉండాలని ఉంది కాబట్టే ఉండనని అందరికీ చెబుతున్నాను, మీ జట్టు గెలవాలని ఉంది కాబట్టే ముప్పై రాశాను అన్నాను. అప్పుడు పెద్దాయన, వాళ్ళమ్మ ఏదో ద్వీపం నుంచి వచ్చిందట, ఎవరైనా ఈయన్ని పొగిడితే వెంటనే మూడుసార్లు ఉమ్మేదట, ఈయన ఒళ్ళు తుడుచుకుని బడికి పోయేవాడట, ఆ కథంతా చెప్పాడు. టీచరమ్మకి కూడా ఏదో గుర్తొచ్చింది. పిచ్చర్ అవతలివాళ్ళని ఒక్క హిట్టు కూడా కొట్టనివ్వకుండా ఆట చివరిదాకా లాక్కొస్తుంటే, ఇంకా ఒక్క హిట్టూ పడలేదోయ్ అని పైకి అన్నవాణ్ణి వాళ్ళ నాన్న ఇంట్లోంచి గెంటేసేవాడట. ఈ ముప్పై మనకి కావాలి, ఏటా ఈవిడే రాయాలి అని లాయరు తీర్మానించాడు.

అక్కడితో ఆగినా బాగుండేది, ఆగలేదు. మర్నాటి నుంచి వాళ్ళు జట్టు భవిష్యత్తుతో పాటు నా భవిష్యత్తు కూడా చర్చించడం మొదలుపెట్టారు. పిచ్చర్ మోచెయ్యి అయ్యాక నా వంతు. పెద్దాయన పేపరు మడిచి, చాలా గంభీరంగా, ఈవిడ జులై దాకా ఉండదు, రాసిపెట్టుకోండి అనేవాడు. జులై దాకానా, మే దాటితే గొప్ప అనేది టీచరమ్మ కళ్ళెత్తకుండా. లాయరైతే, చట్టం చదివినవాడు కాబట్టి, ఇలాంటి కేసులు నిలబడవండీ అని నిట్టూర్చేవాడు. ఒకరోజు కొత్తగా ఎక్కిన ఒకావిడ ఇదంతా విని, అంత నిర్దయగా మాట్లాడతారేంటి అని వాళ్ళ మీద విరుచుకుపడింది కూడా. నేను మాత్రం తలొంచుకుని నవ్వుకునేదాన్ని, కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఆఫీసులో అందరూ ఆల్ ద బెస్ట్ అనేవాళ్ళు, ఏం కాదులే అనేవాళ్ళు. ఆ మాటలకి నా భయం రవ్వంత కూడా తగ్గేది కాదు. నీకు రాదులే అని రోజూ చెప్పిన ఈ ముగ్గురి దగ్గరే నాకు ఊపిరి ఆడేది.

జట్టు నేను రాసిన ముప్పైని జూన్ రాకముందే దాటేసింది, పెట్టె మొత్తానికి టీచరమ్మ కుకీలు పంచింది. జూన్ రెండో వారంలో మా కంపెనీకి నా అప్రూవల్ వచ్చింది. మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను, మర్నాడు రైల్లో కాగితం తీసి పెద్దాయన చేతిలో పెట్టాను. ఆయన మొత్తం చదివి, మడతలు సరిచేసి తిరిగిచ్చి, “ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుంది,” అన్నాడు. అని కిటికీ వైపు తిరిగి చేతిరుమాలు తీసుకున్నాడు. టీచరమ్మ నా చెయ్యి పట్టుకుని స్టేషన్ వచ్చేదాకా వదల్లేదు.

తర్వాత ఎనిమిదేళ్ళు ఏటా ముప్పై రాశాను, ఒక్కసారి కూడా కిటికీ సీటు గెలవలేదు. తొమ్మిదో ఏడు ఫిబ్రవరిలో పెద్దాయన రావడం మానేశాడు. జలుబేమో అనుకున్నాం, సెలవేమో అనుకున్నాం. రెండు వారాలయ్యాక ముగ్గురం మొహాలు చూసుకున్నాం. మా జట్టులో ఎవరి మోచెయ్యి ఏ నెలలో నొప్పి చేసిందో చెప్పగల వాళ్ళం, ఆయన ఇంటిపేరేమిటో, ఏ వీధిలో ఉంటాడో మాలో ఒక్కరికీ తెలియదు. ఆయన ఎక్కే స్టేషన్ తెలుసు, ఆయన కాఫీలో పంచదార ఎంతో తెలుసు, అంతే. లాయరు కోర్టు ఆఫీసుకి వెళ్ళి అడిగితే, రిటైరైపోయాడు, వివరాలు ఇవ్వకూడదు అన్నారట. చీటీలు రాసే శుక్రవారం వచ్చింది, పుస్తకం ఆయన దగ్గరే ఉండిపోయింది. ఎవరూ చీటీ తియ్యలేదు. అప్పుడు నేనే, “ఆయన ఇక రాడు,” అన్నాను. వాళ్ళిద్దరికీ వెంటనే అర్థమైంది. రానే రాడు అంది టీచరమ్మ. వచ్చే అవకాశమే లేదు అన్నాడు లాయరు. రైలు ఆయన స్టేషన్లో ఆగినప్పుడల్లా ముగ్గురం తలుపు వైపే చూస్తూ, రాడు రాడు అనుకుంటూ ఆ సీజనంతా గడిపాం. నేను కోరుకున్నదానికి వ్యతిరేకంగా అన్న మాటల్లో అదొక్కటే నిజమైపోయింది.

తర్వాత లాయరు జెర్సీ సిటీకి మారాడు, టీచరమ్మ రిటైరైంది, నాకు పౌరసత్వం వచ్చింది. ఇప్పుడు వారానికి రెండ్రోజులే ఆఫీస్, రైల్లో సగం సీట్లు ఖాళీ, ఎవరూ పలక తిప్పుకుని ఎదురెదురుగా కూర్చోరు. జట్టు ఏమవుతుందో ఫోన్ చెబుతుంది, వీసా కాగితం ఏ బల్ల మీద ఉందో ఫోన్ చెబుతుంది, మా ఆయన కూరగాయల షాపులో ఏ మూల ఉన్నారో కూడా అదే చెబుతుంది. తెలియకపోవడం అంటే ఏమిటో ఈ పిల్లలకి తెలియదేమో అనిపిస్తుంది. మొన్న ఆ అబ్బాయి దిగిపోయాక నేనూ నా ఫోన్ తీశాను. పెద్దాయన్ని వెతుకుదామని, ఇది ఎన్నోసారో లెక్కలేదు. ఆ తెల్లటి గడిలో ఏం కొట్టాలో తెలియక, ఎప్పటిలాగే కాసేపు చూసి, మళ్ళీ బ్యాగులో పెట్టేసుకున్నాను.