అక్క ఇంటికి ఆరు కిలోమీటర్ల దూరంలో

పార్కు లోపలున్న హోటల్లోనే దిగాలా, బయట ఎక్కడైనా దిగాలా అని మా ఆఫీసు క్యాంటీన్‌లో వారం రోజులు చర్చ నడిచింది. మాదాపూర్‌లో మా అంతస్తులో పిల్లలున్న ప్రతివాడూ ఏదో ఒక వేసవిలో ఊరికి అటువైపున్న ఆ వినోదాల పార్కుకి వెళ్లొచ్చినవాడే. సలహాలకు కొదవ లేదు. లోపల దిగితే హోటలు బస్సే గేటు దాకా తీసుకెళ్తుందని ఒకరు చెప్పారు. మధ్యాహ్నం పిల్లలు ఎండకు వాడిపోతే గదికొచ్చి కాసేపు పడుకోబెట్టి, సాయంత్రం మళ్లీ వెళ్లొచ్చని ఇంకొకరు. బయట దిగితే తిండి బాగుంటుందని, లోపల ఇడ్లీ కూడా చల్లారి చప్పగా ఉంటుందని మరొకరు. నేను వాళ్లు చెప్పినవన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో ఎక్కించాను. రెండు నిలువు వరసలు. ఒకదానికి 'లోపల' అనీ, రెండోదానికి 'బయట' అనీ పేర్లు పెట్టాను.

మియాపూర్‌లో మా ఫ్లాట్‌కి వచ్చి ఆ షీటు మా ఆవిడకు చూపించాను. లాప్‌టాప్ మీదికి వంగి కాసేపు చూసి, "మరి వదిన వాళ్లిల్లు ఏదండీ ఇందులో?" అంది.

మా అక్క ఇల్లు హయత్‌నగర్ దాటాక, ఆ పార్కు గేటుకి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే రెండు వరసలతో ఆపాను.

"చిన్న ఇల్లు. మనం ముగ్గురం వెళ్లి పడితే వాళ్లకి ఇబ్బంది కాదూ?"

"ఇబ్బంది వాళ్లకా, మీకా?"

"పాపకి ఆ బాత్‌రూమ్ అలవాటు లేదు."

"పాపని మధ్యలోకి లాగకండి. పోయినసారి వెళ్లినప్పుడు అత్త పక్కనే పడుకుంటానని ఏడ్చింది మీ పాప."

ఆ పోయినసారి జరిగి అప్పటికి రెండేళ్లు దాటింది. నేను 'లోపల' అన్న వరసకి పసుపు రంగు వేశాను. ఆ రాత్రే గది బుక్ చేశాను.

ఇంజనీరింగ్ పూర్తిచేసి నరసరావుపేట నుంచి హైదరాబాద్ వచ్చినప్పుడు నేను నేరుగా దిగింది ఆ ఇంట్లోనే. రెండు గదులు, ముందు రేకుల వరండా. బావ బస్సు డిపోలో మెకానిక్. అక్కకి అప్పుడు నాలుగేళ్ల కొడుకు. ఉద్యోగం దొరికేదాకా నెలా రెండు నెలలు ఉంటానని వెళ్లినవాణ్ని రెండున్నరేళ్లు ఉన్నాను. ముందు అమీర్‌పేటలో కోర్సు, తర్వాత మాదాపూర్‌లో మొదటి ఉద్యోగం. అప్పటికి మెట్రో లేదు. రెండు బస్సులు మారితేగాని ఆఫీసుకి చేరేవాణ్ని కాదు. తెల్లవారుజామున లేచి అక్క నాకు డబ్బా కట్టేది. నాకు బెండకాయ వేపుడు ఇష్టమని బావకి పడని ఆ వేపుడు వారంలో మూడుసార్లు చేసేది. బావ కంచం ముందు కూర్చుని, "ఈ ఇంట్లో నేను అల్లుణ్నా, వాడు అల్లుడా?" అనేవారు. అక్క వెనక్కి తిరగకుండానే, "మీరు ఉద్యోగం చేస్తున్నారు, వాడు ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. వాడికే ఎక్కువ బలం కావాలి" అనేది.

ఆ పార్కుకి నేను మొదటిసారి వెళ్లింది కూడా వాళ్లతోనే. మొదటి జీతం అందిన వారం. ఎక్కడ దిగాలన్న ప్రశ్నే లేదు. అందరం అక్కింట్లో ఒకే గదిలో వరసగా చాపలు పరుచుకుని పడుకున్నాం. పొద్దున ఏడింటికల్లా అక్క పులిహోర కలిపి, పెరుగన్నం వేరే గిన్నెలో పెట్టి, బావ చేతికి సంచీ ఇచ్చింది. లోపలికి తిండి తీసుకెళ్లనివ్వరని గేటు దగ్గర తెలిసింది. ఏం చేస్తాం, గేటు బయట గట్టు మీద కూర్చుని పొద్దున తొమ్మిదింటికే మధ్యాహ్నం భోజనం చేసేశాం. మేనల్లుడు పెరుగన్నం చొక్కా నిండా పూసుకున్నాడు. ఆ చొక్కాతోనే రంగులరాట్నం ఎక్కాడు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిక్కిరిసిన జనం. బావ వాణ్ని భుజం మీద మోస్తూ, నిలబడే కునికిపాట్లు పడ్డారు. ఆ రోజంత తృప్తిగా నేను తర్వాత ఏ సెలవులోనూ తిరగలేదు. ఇదంతా నాకు ఇప్పుడు గుర్తొస్తున్నది కాదు. గది బుక్ చేస్తున్నప్పుడు కూడా గుర్తుంది.

మరి అక్కడికెందుకు వెళ్లలేదు? ఇల్లు చిన్నదనో, బాత్‌రూమ్ బయట ఉందనో కాదు. అంతకుముందు ఏడాది బావకి గచ్చిబౌలిలో ఒక ఆసుపత్రిలో మోకాలి ఆపరేషన్ అయింది. పది రోజులున్నారు. మా ఆఫీసు మెట్ల దగ్గర నిలబడితే ఆ ఆసుపత్రి భవనం కనిపిస్తుంది. ఆ పది రోజుల్లో నేను ఒక్కసారీ వెళ్లలేదు. రెండుసార్లు ఫోన్ చేశాను. మా ప్రాజెక్టు గడువు దగ్గర పడిందన్నాను. అది నిజమే, కానీ ఆ గడువున్న రోజుల్లోనే ఒక సహోద్యోగి పుట్టినరోజు విందుకి కొండాపూర్ వెళ్లొచ్చాను. మా ఆవిడ మాత్రం పాపని తీసుకుని రెండుసార్లు వెళ్లింది. ఆ తర్వాత నాకు అక్క ఇంటి గడప తొక్కడానికి మొహం చెల్లలేదు. వెళ్లకపోయేకొద్దీ వెళ్లడం ఇంకా కష్టమైంది. అదీ అసలు కారణం. షీట్‌లో దానికి వరస లేదు.

శనివారం మధ్యాహ్నం హోటల్లో దిగాం. గది బాగుంది. తెల్లటి దుప్పట్లు, పెద్ద కిటికీ. సాయంత్రం నేను స్నానం చేసి వచ్చేసరికి పాప వాళ్లమ్మ ఫోన్‌లో వీడియో కాల్ మాట్లాడుతోంది.

"అత్తా, మా కిటికీలోంచి రాళ్లగుట్ట కనిపిస్తోంది, చూడు! మీ డాబా మీంచి కనిపించేదే!"

"ఎక్కడున్నారే మీరు?" అక్క గొంతు.

నేను ఫోన్ తీసుకున్నాను. నోటికి ఏది ముందొస్తే అది అన్నాను.

"ఆఫీసు వాళ్ల ట్రిప్ అక్కా. అందరినీ కుటుంబాలతో తీసుకొచ్చారు. ఇక్కడే ఉండాలట, విడిగా బయటికి వదలరు."

"అలాగా. చెప్పనైనా చెప్పలేదేరా?"

"చివరి నిమిషంలో ఖాయమైంది."

"పోనీలే. రేపు గేటు దగ్గరికి వస్తాను. పాపని ఒకసారి చూసి, తినడానికి ఏమైనా ఇచ్చి వెళ్తాను."

"ఎందుకక్కా ఈ ఎండలో!"

"ఎండేమన్నా నాకు కొత్తా?" అని పెట్టేసింది.

మా ఆవిడ మంచం మీద బట్టలు మడతపెడుతోంది. తలెత్తలేదు. "నన్ను అడిగితే మాత్రం నేను మీ ఆఫీసు ట్రిప్ అని చెప్పను" అంది.

ఆదివారం పదకొండున్నరకి అక్క ఫోన్ చేసింది. అప్పుడు మేం ఒక ఆట కోసం వరసలో ఉన్నాం. ఇంకో పది నిమిషాల్లో మా వంతు. గేటు దగ్గరికి వెళ్లి రావాలంటే హోటలు బస్సు పట్టుకోవాలి, గంట పడుతుంది. అంతకన్నా, అక్క ఎదురుగా నిలబడి అదే అబద్ధం మళ్లీ చెప్పాలి.

"ఇప్పుడు ఏదో ప్రోగ్రాం నడుస్తోందక్కా, లేవడానికి లేదు. గేటు దగ్గర సెక్యూరిటీకి ఇచ్చెయ్యి. నేను తీసుకుంటాను."

"సరే నాన్నా" అంది. అక్కకి నా మీద బాగా ప్రేమ వచ్చినప్పుడే 'నాన్నా' అంటుంది.

పాప నా చొక్కా లాగింది. "మనం ఆఫీసు వాళ్లతో రాలేదుగా నాన్నా?"

"తర్వాత చెప్తా" అన్నాను. అంతలో మా వంతు వచ్చింది.

సాయంత్రం వెళ్లి తెచ్చుకుందామనుకున్నాను. సాయంత్రం పాప అలిసిపోయిందన్నాను, వెళ్లలేదు. సోమవారం పొద్దున గది ఖాళీ చేసి, కారులో వెళ్తూ గేటు దగ్గర ఆగాను. సెక్యూరిటీ అతనికి యాభై ఏళ్లుంటాయి. నేను అడగ్గానే బల్ల కింద నుంచి స్టీలు క్యారియర్ తీశాడు.

"గిది మీదేనా సార్? నిన్నటి సంది ఈడ్నే ఉన్నది. ఫోన్ చేద్దామంటే మీ నంబర్ నాకాడ లేకపాయె. ఎండకు ఖరాబైనట్టుంది."

మూత తీశాను. పై గిన్నెలో సున్నుండలు బాగానే ఉన్నాయి. కింద అన్నం, కూర వాసన వచ్చేశాయి.

"మీ అక్కనట గదా సార్? ఒక్కతే రాలే. పెద్దసారు గూడ వచ్చిండు, కర్ర పట్టుకొని. ఆటో దిగుడుకే జర తక్లీఫ్ అయింది ఆయనకు. ఇస్తే ఇచ్చిపోండ్రి అంటే పోలే. గా నీడకు రెండు గంటలు కూసున్నరు. అన్నం టైముకన్నా ఆఫీసోళ్లు బయటికి వదుల్తరేమో, పిల్లను చూసి పోతం అన్నది ఆమె."

నేను క్యారియర్ మూత పెట్టాను. అతను మంచిగానే చెప్తున్నాడు.

"నేనే అన్న సార్, అమ్మా, నిన్న ఇయ్యాల కంపెనీ బస్సు ఒక్కటి గూడ రాలే, ఏ ఆఫీసు గురించి చెప్తున్నవ్ అని. గప్పుడు లేచి పోయిండ్రు."

బావ ఇంకా కర్రతో నడుస్తున్నారని నాకు తెలియదు.

కారెక్కాను. ఎడమకి తిరిగితే ఔటర్ రింగ్ రోడ్డు, గంటన్నరలో మియాపూర్. నేరుగా వెళ్తే హయత్‌నగర్. మా ఆవిడ క్యారియర్‌ని ఒళ్లో పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చుంది. తను ఏదైనా అనుంటే ఆ మాట మీద కోపం తెచ్చుకుని ఎడమకి తిప్పేవాణ్నేమో. నేరుగా పోనిచ్చాను.

అక్క వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మమ్మల్ని చూసి లేచింది.

"రండి రండి. ఆఫీసు వాళ్లు వదిలిపెట్టారా?"

"ఆఫీసు వాళ్లెవరూ లేరక్కా. మేమే వచ్చాం. నేనే అబద్ధం చెప్పాను."

"తెలుసు. కాళ్లు కడుక్కోండి."

పాప అప్పటికే ఆమె నడుము చుట్టేసింది. లోపల బావ మంచం మీద నుంచి లేవబోతే మా ఆవిడ వెళ్లి, "కూర్చోండి అన్నయ్యగారూ" అని ఆపింది. అక్క కాఫీ ఇచ్చింది. నేను గ్లాసు పట్టుకుని నిలబడే ఉన్నాను.

"హోటల్లో దిగితే దిగావు" అంది అక్క. "ఈ ఇంట్లో ఏసీ లేదని నాకు తెలీదా? నీ సంపాదన, నీ పిల్ల, నీ ముచ్చట. ఫోన్ చేసి, అక్కా హోటల్లో దిగుతున్నాం అంటే, సరే పొద్దున వచ్చి భోంచేసి వెళ్లండి అనేదాన్ని. అంతేగా? ఆ వాచ్‌మన్ అలా అన్నాక మీ బావ ఏమన్నారో తెలుసా? 'మావాడిది పెద్ద కంపెనీ, కార్లలో వచ్చుంటారు' అని అతనికి నచ్చచెప్పారు. అతనికి చెప్పారో, నాకు చెప్పారో. నీ అబద్ధాన్ని ఈయన మొయ్యాలా, ఆ కాలేసుకుని?"

"అబ్బ, వదిలెయ్యవే" అన్నారు బావ.

నేను ఆయన పక్కన కూర్చున్నాను. "ఆసుపత్రికి రాలేదు కదా బావా. ఆ మొహం పెట్టుకుని ఇక్కడికెలా రావాలో తెలీక..."

"పది రోజులూ నేను తలుపు వైపు చూస్తూ పడుకున్నానని ఎవరు చెప్పారోయ్ నీకు?" అని ఆయన నవ్వారు. ఎవరూ చెప్పలేదు. ఆయనే అప్పుడు చెప్పారు. నవ్వుతూనే చెప్పారు.

అక్క మధ్యాహ్నం వంట చేసింది. తిన్నాక, "ఈ పూట ఇక్కడే ఉంటాం అక్కా. రేపు కూడా సెలవు పెడతాను" అన్నాను. అడిగితే సంతోషిస్తుందనుకున్నాను.

"వద్దు" అంది. కోపంగా అనలేదు. "ఇవాళ ఉంటే తప్పు దిద్దుకోవడానికి ఉన్నట్టుంటుంది. అలా ఎవరూ నా ఇంట్లో ఉండక్కర్లేదు. ఇంకోసారి రా. ఈ చుట్టుపక్కల నీకు ఇంకే పనీ లేనప్పుడు రా."

పాప ఏడ్చింది. అక్క దాని కళ్లు తుడిచింది, కానీ మాట మార్చుకోలేదు. నాలుగింటికి బయల్దేరాం.

తర్వాత వెళ్తున్నాం. నెలకోసారి, కుదిరితే రెండుసార్లు. అక్కడ పనేమీ ఉండదు. బావ, నేను డాబా మీద కాసేపు నడుస్తాం. అక్క నన్ను తిడుతుంది, వండి పెడుతుంది, పాపకి జడ వేస్తుంది. అంతా మునుపటిలాగే ఉందని మా ఆవిడ అంటుంది. ఫోన్‌లో మాత్రం అలా ఉండదని నాకు తెలుసు. మొన్న గురువారం ఫోన్ చేశాను.

"శనివారం వస్తున్నాం అక్కా."

ఇదివరకైతే నా మాట పూర్తికాకుండానే ఏం వండమంటావని అడిగేది. ఇప్పుడు నా మాట పూర్తయ్యేదాకా ఆగింది. తర్వాత మెల్లగా అడిగింది.

"నిజంగానేనా? మీకు కూడా బియ్యం పొయ్యనా?"

"పొయ్యక్కా" అన్నాను.