సమేలన్న తువ్వాల

ఈ మాట ఏళ్ళ తరబడి నా గొంతుకు అడ్డం పడి ఉంది. నా భార్యకు చెప్పలేదు. గుళ్ళో నిలబడి కూడా చెప్పలేదు. నీకెందుకు చెబుతున్నానంటే, నువ్వు నన్నెరగవు, సమేలన్ననూ ఎరగవు.

కొత్త రాష్ట్రం రావడానికి చాలా ముందటి సంగతి. నారాయణఖేడ్‌లో ఒక సేటు లారీకి మేమిద్దరం డ్రైవర్లం. కందుల బస్తాలు నింపుకొని చీకటి పడ్డాక హైదరాబాద్ బయలుదేరేవాళ్ళం. సగం దారి ఆయన, సగం దారి నేను. సమేలన్నది నాగల్‌గిద్ద దగ్గర ఊరు, నాకన్నా బాగా పెద్దవాడు. వాళ్ళావిడ ఉప్పేసి ఉడికించిన కందికాయలు మూటగట్టి పంపేది. నేను నడుపుతుంటే ఆయన వాటిని ఒలిచి నా చేతిలో పోస్తూ, చర్చి పాటలు సన్నగా పాడుకునేవాడు. ఎంత మంచి రోజులో అవి. ఇప్పటికీ ఉడికిన కందికాయల వాసన తగిలితే నాకు ఆ క్యాబినే గుర్తొస్తుంది.

నాకు సోకులెక్కువ. బోరంచ నల్లపోచమ్మ పటం తెచ్చి మీటర్ల పైన పెట్టాను. దాని చుట్టూ నీలం బుగ్గలు, అదే చిన్న చిన్న బల్బులు, బిగించాను. సమేలన్న చూసి, "ఏంది తమ్మీ, లారీని విమానం జేసినవ్" అని నవ్వాడు. చీకటి పడగానే మాత్రం తన తువ్వాల తీసి మీటర్ల మీద, బుగ్గల మీద కప్పేవాడు. అమ్మవారి ముఖం మూయకుండా జాగ్రత్తగా మడతపెట్టేవాడు. "లోపల ఎలుగుంటే అద్దంల మనమే కనవడ్తం. తొవ్వ కనవడది" అనేవాడు. స్పీడు చూడాలంటే తువ్వాల కొస ఎత్తి చూసి మళ్ళీ దించడమే. నాకదంతా చాదస్తంగా తోచేది.

ఆ రాత్రి స్టీరింగ్ నాకిచ్చి ఆయన వెనక బల్ల మీద పడుకున్నాడు. గురక వినబడగానే తువ్వాల లాగి పక్కన పడేసి, బుగ్గలన్నీ వెలిగించాను. ఎవరికి చూపించుకోవడానికి? దారిలో పురుగు కూడా లేదు. ముందు అద్దంలో నీలి వెలుగు, అందులో నా మీసం, నా కొత్త చొక్కా. నన్ను నేనే చూసుకుని మురిసిపోయాను. ఆ వెలుగుకు అవతల జొన్నచొప్ప ఎత్తుకొని ఎడ్లబండి పోతోందని, దాన్ని గుద్దాకే తెలిసింది.

లారీ ఆగీ ఆగకముందే నా చెయ్యి స్విచ్చు మీదికి పోయింది. సమేలన్న లేచేసరికి క్యాబిన్ చీకటి. ఆయన ముందు నా తల, చేతులు తడిమి చూశాడు. నాకేం కాలేదని తెలిశాకే కిందికి దూకాడు. బండివాడు గీరుకుపోయిన మోచేతులతో బయటపడ్డాడు. ఒక ఎద్దు మాత్రం పోయింది. ఆ మనిషి ఎద్దు మెడ పట్టుకొని ఏడుస్తుంటే సమేలన్న పక్కన కూర్చొని ఓదారుస్తున్నాడు. అప్పుడు నేనేం చేశానో తెలుసా? క్యాబిన్‌లో ఒక్కణ్ణే ఉండి, ఆ తువ్వాల తీసి స్టీరింగ్ కింది రాడ్డుకు చుట్టాను. భయమా? భయమే. కానీ భయంలో కూడా అంత తెలివి ఎక్కడి నుంచి వచ్చింది? నా చేతులు ఒక్కసారైనా వణకలేదని తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

తువ్వాల జారి స్టీరింగ్ పట్టేసిందని సేటుకు చెప్పాను. సేటు సమేలన్నను ఆ పూటే పనిలోంచి తీసేశాడు. ఆయన తన మూట సర్దుకున్నాడు. ఊరికి పోయే ఆటో ఎక్కబోతూ నా దగ్గరకొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నన్ను మాఫ్ జెయ్ తమ్మీ. నా తువ్వాలతోని నీ పానం దీస్తుంటి."

"పోనీ తియ్ అన్నా" అన్నాను.

"ఇగ నేను బండి ముట్ట. నువ్వు గూడ తువ్వాల కప్పకు, జెర పైలం."

అవును, నేనే ఆయన్ని క్షమించాను. పెద్ద మనసున్నవాడిలా ఆయన భుజం కూడా తట్టాను.

అన్నమాట ప్రకారం ఆయన మళ్ళీ స్టీరింగ్ పట్టలేదు. కూలికి పోతున్నాడని విన్నాను. నాగల్‌గిద్ద దారిలో కిరాయి వస్తే ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటాను. చీకటి పడితే మాత్రం నా మీటర్ల మీద తువ్వాల కప్పుతాను. కొస ఎత్తి చూసి, దించుతాను. వద్దన్నావు గానీ, అన్నా, నువ్వు మొదట చెప్పిందే నిజం. నీ తువ్వాల జారలేదు. నేనే తీశాను.