కోతల పండుగ జొన్నలు

మూర్ఛ వచ్చేవాడికి సలహాలకు కరువుండదు. ఉల్లిగడ్డ ముక్కు దగ్గర పిండమని ఒకరు, పాత చెప్పు వాసన చూపించమని ఒకరు, పెళ్లి చేస్తే అదే పోతుందని ఒకరు. నాకు ఆ రోజుల్లో కావలసింది డబ్బు. జొన్న కంకికి పట్టే కాటుక తెగులు మీద పట్నంలో నేను చేస్తున్న పరిశోధన చివరికొచ్చింది. ఇంకొక్క ఏడాది గది కిరాయి కట్టుకొని, రాసింది టైపు చేయించి, పరీక్ష రుసుము చెల్లించగలిగితే డాక్టరేటు చేతికొస్తుంది. లేదంటే అప్పటిదాకా చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరు.

యుద్ధం ముదరకముందు నన్ను నిలబెట్టినవి జర్మనీ నుంచి వచ్చే చిన్న తెల్లబిళ్లలు. యుద్ధంతో అవి పట్నం దవాఖానలో కూడా కనబడకుండా పోయాయి. వాటి బదులు కాంపౌండరు సీసాలో పోసిచ్చే ఉప్పటి మందు తాగితే మూర్ఛ కొంత తగ్గేది, దాంతోపాటు తెలివీ తగ్గేది. నిన్న చదివిన పేజీ ఇవాళ కొత్తగా కనిపించేది. ఒకరోజు ప్రయోగశాలలో గాజు సామాను మీద పడ్డాను. యూనివర్సిటీవాళ్లు ఉపకారవేతనం ఆపేసి, నయం చేసుకొని రమ్మని మర్యాదగా ఇంటికి పంపారు. నయమయ్యేదైతే చేసుకోనా అని అరవాలనిపించింది. ఉద్యోగాలిచ్చేది కూడా వాళ్లే కాబట్టి అరవకుండా మా ఊరు సురంగల్ వచ్చేశాను.

మా అవ్వ, అంటే కన్నతల్లి, ఊళ్లో అందరి చేలల్లో కూలికి పోయేది. బాపుకు కొంచెం చెలక ఉండేది, వాన పడితే పంట, లేకపోతే రాళ్లు. వాళ్లను అడగడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు. అందుకని ఊరి బయట అడగడం మొదలుపెట్టాను.

చేవెళ్లలో ఒక దొర పేదపిల్లల చదువుకు సాయం చేస్తాడని పేరు. కాళ్లరిగేలా తిరిగితే ఒకరోజు లోపలికి పిలిచాడు. జొన్నకు తెగులొస్తే మందు వేయాలి గాని పుస్తకం రాస్తారా అని నవ్వాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు; చేయి చాచినవాడైతే మరీ లోకువ. నేను జవాబు వెతుక్కుంటుండగానే కళ్లకు మెరుపులు కమ్మాయి. తెలివొచ్చేసరికి ఆయన అరుగు మీద ఉన్నాను, నా పిడికిట్లో బరువైన తాళంచెవుల గుత్తి ఉన్నది. మూర్ఛ వచ్చినవాడి చేతిలో ఇనుము పెడితే దిగుతుందని మా వైపు నమ్మకం. ఆ తొందరలో వాళ్లకు దొరికిన ఇనుము అదే. అందులో ఇనప్పెట్టె తాళంచెవి కూడా ఉన్నదని, గుమాస్తా వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటే విడదీస్తున్న హడావిడి చూస్తే అర్థమైంది. దొర డబ్బుకు నేను అంత దగ్గరగా వెళ్లింది ఆ ఒక్కసారే. ముందు రోగం సంగతి చూసుకోమని చెప్పి, మజ్జిగ ఇప్పించి పంపాడు.

ఈ సంగతి మొయినాబాద్ చర్చి అయ్యగారికి, అంటే మా పాస్టరుగారికి, తెలిసింది. చాలా మంచి మనిషి. ఆ మంచితనమే మా కొంప ముంచింది. ఆ ఏటి కోతల పండుగ వేలం సొమ్మంతా నా చదువుకే ఇవ్వాలని ఆయన సంఘపెద్దలను ఒప్పించాడు. పంటలు ఇంటికొచ్చాక ప్రతి కుటుంబం తొలిపంటలో కొంత తెచ్చి చర్చిలో అర్పిస్తుంది. గుమ్మడికాయలు, కోళ్లు, మిరపకాయలు, ఆముదాలు విడివిడిగా పెడతారు; జొన్నలు మాత్రం అందరివీ కలిపి అయ్యగారు ప్రార్థన చేసే బల్ల ముందు ఒకే కుప్ప పోస్తారు. ఆరాధన అయ్యాక వేలం. పాడుకున్నవాళ్లు మళ్లీ దేవునికే ఇచ్చేస్తే అదే వస్తువును మళ్లీ పాడతారు. ఒక్క గుమ్మడికాయ మధ్యాహ్నందాకా అమ్ముడుపోతూనే ఉండేది, చివరికి దాని మీద చేతులు ఆడి ఆడి అది నిగనిగలాడేది. అసలు డబ్బు జొన్నలకు వస్తుంది. షాబాద్ నుంచి గింజలు కొనే గల్లా వ్యాపారి ఏటా వచ్చి కుప్ప మొత్తం పాడుకునేవాడు. లెవీ కింద సర్కారు గింజలు పట్టుకుపోతున్న ఆ రోజుల్లో జొన్నలకు ఎంత ధరైనా పలుకుతుంది.

పండుగ ముందు రాత్రి భజనలు. నిద్ర లేకపోతే నాకు ఎట్లా ఉంటుందో అవ్వకు తెలుసు. నన్ను తలుపు దగ్గర కూర్చోబెట్టమని ఆమె అయ్యగారిని అడిగింది. ఎవరి కోసం ఇస్తున్నారో సంఘానికి కనబడాలి కదా అని ఆయన ముందరే, కుప్ప పక్కనే, నాకు కుర్చీ వేయించాడు. చర్చిలో పాస్టరు కుర్చీ కాక వేసిన కుర్చీ అదొక్కటే. కొత్త పెళ్లికొడుకులా సిగ్గుపడుతూ కూర్చున్నాను. కోళ్లు పోయాయి, గుమ్మడికాయ పోయింది, వ్యాపారి గొంతు సవరించుకున్నాడు. ఇంక నాకు గుర్తున్నది నోట్లో జొన్నగింజలు మాత్రమే.

తర్వాతిది బాపు చెప్పింది. నేను కుప్ప మీద బోర్లా పడి కొట్టుకున్నానట. మూర్ఛ నురగ తగిలినవాళ్లకు మూర్ఛ వస్తుందని అందరి భయం. అవ్వ, బాపు, అయ్యగారు తప్ప నా దగ్గరికి ఎవరూ రాలేదు. నన్ను పక్కన పడుకోబెట్టాక వ్యాపారి చెప్పులు వేసుకొని వెళ్లిపోయాడు. పై పొర తీసేద్దామని ఒక పెద్ద అన్నాడట. పడినవాడు కుప్పంతా కలియబెట్టాడు కదా, ఎక్కడిదాకా తీస్తావని ఇంకొకాయన. ఏ ఇంటివాళ్లూ తాము తెచ్చిన జొన్నలు వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకోలేదు. కుప్ప కాలువలో పోయించాలన్న మాట కూడా వచ్చింది. ఊళ్లో సగం ఇళ్లు గంజితో పొద్దుపుచ్చుతున్నాయి.

వేలం పాడించే పెద్ద ఆనవాయితీ కోసం మూడుసార్లు అడిగాడట, ఎవరన్నా పాడుతరా అని. మూడోసారికి ఆడవాళ్ల వైపు నుంచి అవ్వ లేచింది.

"నేను పాడుత."

"నీ కొడుకు కోసం పెట్టిన పాటనే గదమ్మా ఇది. నువ్వు పాడుడేంది?" అన్నాడు పెద్ద.

"పాడొద్దని యాడన్న ఉన్నదా? గింజలు దేవునియి. తినేటోళ్లం మేమున్నం."

పోయిన ఏడు వ్యాపారి ఇచ్చిన ధరకు పైసా తగ్గేది లేదన్నారు పెద్దలు. అవ్వ కింద కూర్చుని కాళ్ల కడియాలు తీసి కానుకల పళ్లెంలో పెట్టింది. పెళ్లప్పటి నుంచి తీయని కడియాలు. సబ్బు నీళ్లు తెప్పించుకోవలసి వచ్చిందట. అవి తీసిన చోట కాళ్లు తెల్లగా పాలిపోయి ఉండటం ఇంటికి పోయాక నేనే చూశాను. వాటిని చేవెళ్ల సావుకారుకు అమ్మి పెద్దలు సొమ్ము చేశారు.

తర్వాతి ఆదివారం అయ్యగారు నన్ను బల్ల దగ్గరికి పిలిచి, ప్రార్థన చేసి, ఆ సొమ్ము రుమాలులో కట్టి నా చేతిలో పెట్టాడు. గుమ్మడికాయల చిల్లర పోను అదంతా అవ్వ వెండే. సంఘానికి కృతజ్ఞత చెప్పమన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. రుమాలు అక్కడే విసిరేసి పోదామనుకొని అవ్వ వైపు చూశాను. వద్దన్నట్టు చేత్తో సైగ చేసింది. కృతజ్ఞత చెప్పాను. దారిలో ఆమెను తిట్టినంత పని చేశాను, నీ కడియాలు నాకు దానం ఇప్పించడానికి వీళ్లందరి మధ్యవర్తిత్వం ఎందుకని.

"పళ్లెంల పడ్డంక నాయి ఎట్లయితయి? నువ్వు పట్నం పో," అన్నది.

పోయాను. ఆ ఏడంతా మా ఇంట్లో ఆ జొన్నలే. బాపు వీలైనప్పుడల్లా బస్సులో రొట్టెలు తెచ్చిచ్చేవాడు. తెగులు పట్టిన కంకిలోని నల్లపొడి మంచి గింజకు ఎట్లా అంటుకుంటుందో చెప్పే అధ్యాయాన్ని ఆ రొట్టెలు తింటూనే పూర్తి చేశాను. మూర్ఛ వచ్చిన రోజు రాసింది మర్నాడు మళ్లీ మొదటి నుంచి చదువుకోవలసి వచ్చేది. ఎట్లాగో ముగించాను. ఊళ్లో ఏడాది పొడుగునా జనం అవ్వనూ బాపునూ ఓరకంట చూశారు, ఇద్దరిలో ఎవరు ముందు పడతారా అని. ఇద్దరూ చేలోకి పోయారు, వచ్చారు, ఆ గింజలే దంచుకున్నారు. ఎవరూ పడలేదు.

డాక్టరేటు వచ్చిందని తెలిసిన ఆదివారం అయ్యగారు నన్ను బల్ల ముందు నిలబెట్టి, ఇతను సంఘం చదివించిన బిడ్డ అని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు జనం ఎక్కువ. ఆడవాళ్ల వైపు చోటు చాలక కొందరు పిల్లలను చంకనెత్తుకొని గోడ వెంట నిలబడ్డారు. ముందు వరసలో పొడుగాటి చాప మీద అవ్వ ఒక్కతే కూర్చుని ఉన్నది.