హబ్బబ్‌కు ఉదాహరణ

ఈ రోజు రామసముద్రంలో మా ఎనిమిదో తరగతి ఇంగ్లిష్ పాఠంలో ‘హబ్బబ్’ అనే మాట వచ్చింది. చాలామంది ఒకేసారి మాట్లాడితే పుట్టే గోల అని అర్థం చెప్పి, ఏటా చెప్పే ఉదాహరణే ఇచ్చాను: మదనపల్లె మార్కెట్ యార్డులో టమోటా వేలంపాట.

అందరూ రాసుకున్నారు. వెనక బెంచీ అమ్మాయి రాయలేదు. ఎందుకమ్మా అన్నాను.

“నిన్న మా నాయనతో ఆడికే పోయింటి మేడమ్. ఆడ గోలేమీ లేదు.”

“పాట జరగలేదా?”

“జరిగింది. పాట పాడే ఆయప్ప మా బాక్సుల కాడ నిలబడి రేటు పిలిచినాడు. సుట్టూ అంతమంది ఉండారు, ఒగరూ నోరు తెరవలా. పక్కోళ్ళ బాక్సుల కాడా అంతే.”

“మరి కాయలు?”

“వచ్చేటప్పుడు దోవలో పారబోసినాం.”

బస్టాండు అని రాసుకోండి అనబోయాను. నేను చెప్పకముందే పిల్లలు ఒక్కొక్కరే నోట్సులో టమోటా వేలాన్ని కొట్టేస్తున్నారు. వాళ్ళలో సగం మంది ఇళ్ళలో ఈ ఏడాది అదే పంట.

హబ్బబ్‌కు ఇంకో ఉదాహరణ తెలిస్తే కింద రాయండి. గోల అంటే ఏమిటో అర్థమయ్యేలా చెప్పడానికి ఆ తరగతిలో నాకు ఏమీ దొరకలేదు. గంట కొట్టేదాకా అక్కడ చప్పుడే లేదు.